కొస కోసిన వైరు

నూట నలభై మూడు గంటలు. పిట్ట నా కళ్లెదుటే మింగేసిన గంటలవి. పిట్ట అంటే నా సొంత తమ్ముడు. చిన్నప్పుడు గోడ కనిపిస్తే గోడమీద, బల్ల కనిపిస్తే బల్లమీద కాళ్లు ముడుచుకుని వాలేవాడు గనక ఆ పేరు నేనే పెట్టాను. పెట్టిన పేరు ఊరికే పోలేదు, గింజలన్నీ ఏరుకుని ఎగిరిపోయాడు. నాన్న వదిలిన ఈ ఒక్క గదిలో ఇద్దరం కలిసి గేముల షాపు పెట్టాం. మూడు గేమ్ మిషన్లు, ఒక పాత కంప్యూటరు, ఎవరు ఎన్నింటికి కూర్చున్నారో ఎన్నింటికి లేచారో రాసి గంటల లెక్కన డబ్బు తీసుకోవడానికి ఒక పుస్తకం. పుస్తకం పిట్ట చేతిలో ఉండేది, ఎందుకంటే వాడి దస్తూరీ గుండ్రంగా ఉంటుంది. ఉండదా మరి, వాడు పది పాసయ్యాడు, నేను ఏడులోనే బడి మానేసి వైర్లు లాగే మేస్త్రీ వెనకాల నిచ్చెన మోసి వాణ్ణి పాస్ చేయించాను, అది ఏ పుస్తకంలోనూ లేదు. పోయినేడు ఒక మధ్యాహ్నం, బయట వాన, షాపులో ఆడేవాళ్లెవరూ లేరు, మూడో మిషను మీద నా చెయ్యి ఎక్కడో తగిలి ఏదో నొక్కుకుపోయింది, తెర నల్లబడి మళ్లీ వెలిగి అది పుట్టినప్పటినుంచి మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపించింది. రెండువేల ఆరువందల పదకొండు. పక్కనున్న పిట్ట ఉలిక్కిపడి "అయ్యో అన్నా, అంతా పోయింది" అన్నాడు. ఆ కంగారు చూశాకే నన్ను అనుమానపు పురుగు తొలిచింది. రెండు రోజులు పుస్తకం ముందేసుకుని మూడో మిషను గంటలన్నీ కూడాను, వేళ్లమీద ఒకసారి, కాలిక్యులేటరు మీద ఒకసారి. రెండువేల నాలుగువందల అరవై ఎనిమిది. మిగతావి ఎక్కడరా అని అడిగితే నా మొహంలోకి చూసి, చాలాసేపు చూసి, "అందులోనే ఉంది, నువ్వే చూసుకో అన్నా" అన్నాడు. అంతే. దొంగ కాని వాడైతే కడుపు మండి అరవడా? అరవలేదు. అరవకపోవడమే సాక్ష్యం.

ఇప్పుడు మూడు దాటి అయిదు నిమిషాలు. గోడ గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది, అది కూడా పిట్ట తిప్పి పెట్టిందే. నాలుగింటికి పక్కింటి దర్జీ ఈ గదిలో పిట్ట వాటా కొంటున్నాడు. గదిని నిలువునా రెండు చేశాం, మధ్యలో ప్లైవుడ్ గోడ నేనే కొట్టాను, మేకులన్నీ నా వైపునుంచే, అటువాడు పీక్కోలేకుండా. వాటాలు ఎవరివి వాళ్లకు కాగితం మీద పడ్డాయి గనక అమ్ముకోవడానికి పిట్టకు నా సంతకం అక్కర్లేదు. కానీ మరదలు నిన్న సాయంత్రం గుమ్మం బయటే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, "బావగారూ, ఆయన నాలుగింటిదాకా చూస్తారట. నువ్వు తియ్యలేదురా అని మీరు ఒక్క మాటంటే చాలట, అమ్మరట. ప్లైవుడ్ తీసేసి మళ్లీ ఇద్దరూ ఒక్కచోటే కూర్చుందాం అన్నారు" అని చెప్పి వెళ్లింది. ఎంత తెలివి. అమ్మదలుచుకున్నవాడికి అడ్డమెవరు? ఇంత జాలి ఒలకబోస్తున్నాడంటే ఆ మిషనులో వాడికి భయమున్నది ఏదో ఉంది. నాలుగింటిలోగా అది బయటపెట్టానా, దర్జీ ముందే చదివి వినిపిస్తాను, దొంగ వాటా ఎవడు కొంటాడో చూస్తాను. దొరక్కపోతే? దొరక్కపోవడమనేది ఉండదు. నలభై ఎనిమిదేళ్లలో నేను అనుమానించినవాడు నిజాయితీపరుడని తేలిన సందర్భం ఒక్కటి చెప్పమనండి. మా ఆవిడ అంటుంది, "మీరు ఎండలో నడిస్తే మీ నీడ కూడా మీకు రెండడుగులు దూరంగా నడుస్తుందండీ, ఎక్కడ లెక్క అడుగుతారోనని." అననీ. లెక్క అడగనివాడి ఇంట్లో చీమలు కూడా కాపురం పెడతాయి.

మిషను లోపలున్నవి చూడాలంటే దాన్ని కంప్యూటరుకు వైరుతో కలపాలి. మామూలుగా మధ్యలో హబ్బు అని ఒక పెట్టె ఉంటుంది, అన్ని వైర్లూ దానికే వస్తాయి, అదే ఇటువాడి మాట అటువాడికి చెబుతుంది. మా హబ్బు పంపకంలో పిట్టకు పోయింది. నేను కుర్చీలన్నీ తీసుకున్నాను, వాడు కిక్కురుమనకుండా హబ్బు సంచిలో వేసుకున్నాడు. అప్పుడే అనుమానించాల్సింది, నాలుగు కుర్చీలు వదిలి ఒక పెట్టె తీసుకునేవాడు వెర్రివాడైనా అయ్యుండాలి, ముందుచూపున్నవాడైనా అయ్యుండాలి. పోయిన నెల మరదలి చేత ఒక వైరు పంపాడు, దాని మెడకు ఎర్ర టేపు, దానితోపాటు తన గుండ్రటి దస్తూరీలో అంకెలు రాసిన చీటీ. హబ్బు లేకుండా నేరుగా కలపడానికట. నెలరోజులు ఆ వైరు మేకుకు వేలాడింది, నేను ముట్టుకోలేదు. వాడు పంపిన తాడుతో నేను బావిలో దిగుతానా? ఇవాళ గతిలేక తీశాను. తీసి ఊరుకుంటానా, ముందు టెస్టరుకు పెట్టాను. ఇరవై ఏళ్లు ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, పైకప్పుల సందుల్లో ఎలకలతో పాటు పాకి వైర్లు లాగినవాణ్ణి నేను. వైరు బాగుంటే టెస్టరు రెండు వైపులా దీపాలు ఒకటి రెండు మూడు నాలుగు అని వరసగా, బడిపిల్లల్లా, ఎనిమిదిదాకా వెలుగుతాయి. పిట్ట వైరుకు ఇటు ఒకటి వెలిగితే అటు మూడు వెలిగింది. ఇటు రెండుకు అటు ఆరు. నవ్వొచ్చింది. పనిరానివాడు కుట్టిన చొక్కా, గుండీ ఒకచోట కాజా ఒకచోట. తరవాత నవ్వు ఆగింది. పిట్టకు పని రాకపోవడమేమిటి, వాడికి వైరు కొసకు ప్లగ్గు నొక్కే క్రింపరు పట్టడం నేర్పింది నేను కదా. తెలిసే చేశాడు. నేను చూడకూడదనే తప్పుడు వైరు పంపాడు, చూసుకో చూసుకో అని నోటితో అంటూ.

అందుకే కోసేశాను. తప్పున్న కొసను చటుక్కున కత్తిరించి, ఎనిమిది సన్నతీగలు విప్పి, మేస్త్రీ నాకు నేర్పిన వరసలో పేర్చాను. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఎక్కాలు మరిచిపోయాను గానీ ఈ వరస మరవలేదు. మేస్త్రీ తప్పు పేర్చినవాడి వేళ్లమీద స్క్రూడ్రైవరు పిడితో కొట్టేవాడు, నావి రెండుసార్లు వాచాయి, మూడోసారి నుంచి నా వైరుకు వంక పెట్టిన మగాడు లేడు. కొత్త ప్లగ్గు వేసి క్రింపరు నొక్కాను. టెస్టరు ఒకటి రెండు మూడు అని బుద్ధిగా వెలిగింది. తీసుకెళ్లి ఒక కొస మిషనుకు, ఒక కొస కంప్యూటరుకు గుచ్చాను. రంధ్రం పక్కన చిన్న ఆకుపచ్చ దీపం ఉంటుంది, అటువాడి ఊపిరి తగిలితే వెలుగుతుంది. వెలగలేదు.

సరే, అంకెలు. రెండు యంత్రాలకూ చిరునామా మనమే చేత్తో ఇవ్వాలి, హబ్బు వెనకాల ఇంకో పెట్టె ఉన్నప్పుడు అదే పంచిపెట్టేది. చీటీలో ఉంది: మొదటి మూడు అంకెలూ ఇద్దరికీ ఒకటే, చివరిది మిషనుకు పది, కంప్యూటరుకు పదకొండు. ఒకే వీధి, ఇంటి నంబరు వేరు, అన్నదమ్ముల్లాగ. పదకొండులో రెండో ఒకటి కొంచెం వంకరగా ఉంది, ఏడేమో. ఏడు పెట్టి చూశాను. మళ్లీ పదకొండు పెట్టాను. వెలగలేదు. చీటీ వెనక్కు తిప్పాను, వెనక ఏమీ లేదు, దీపానికి అడ్డం పెట్టి చూశాను, దాచిన రాత ఏదైనా ఉందేమోనని, మందుల చీటీ చించి రాశాడు, అవతలివైపు అమ్మ మాత్రల పేర్లు సగం కనిపించాయి. అమ్మ పోయి మూడేళ్లు. ఆ మాత్రలు ఉదయం నేను, రాత్రి వాడు వేసేవాళ్లం, ఒకళ్లు వేశారో లేదోనని ఇంకొకళ్లు డబ్బా లెక్కపెట్టేవాళ్లం, లెక్కపెట్టింది నేనే అనుకోండి. కంప్యూటరుకు కాపలా ప్రోగ్రాం ఒకటుంటుంది, కొత్తవాళ్లను గుమ్మంలోనే ఆపేస్తుంది, దానిది నా స్వభావమే, అందుకే ఇన్నాళ్లూ దానిమీద నాకు గౌరవం. దాన్ని కూడా కాసేపు పడుకోబెట్టాను. వెలగలేదు. దీపమే వెలగనప్పుడు కాపలావాడేం చేస్తాడు, వీధే లేదు. కుర్చీ చప్పుడైంది, నాది కాదు, ప్లైవుడ్ అవతల. అవతల కుర్చీలు లేవు, అన్నీ నేనే తెచ్చుకున్నాను. చెవి ఆనించాను. చీపురు. ఎవరో ఊడుస్తున్నారు. అమ్మబోయే గదిని ఊడ్చే తమ్ముణ్ణి చూశారా ఎక్కడైనా? దుమ్ములో ఏదో వెతుక్కుంటున్నాడు.

మూడూ ముప్పై అయిదు. వీధి చివర పార్టుల షాపు పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, నన్ను ఇప్పటికీ మేస్త్రీ అంటాడు, ఎగతాళిగా అంటాడో గౌరవంగా అంటాడో ముప్పై ఏళ్లయినా తేల్చుకోలేకపోయాను.

"ఏమయ్యా మేస్త్రీ, ఇన్నాళ్లకు గుర్తొచ్చానా? ఏం పోయింది?"

"ఏం పోలేదు. గేమ్ మిషనుకీ కంప్యూటరుకీ వైరు పెడితే దీపం వెలగట్లేదు. వైరు మంచిదే. నేనే చేశాను."

"మధ్యలో హబ్బు ఉందా?"

"లేదు."

అటునుంచి నవ్వు, దగ్గు, మళ్లీ నవ్వు. "ఓరి నీ! నేరుగానా? నేరుగా అయితే నీ వైరెలా పనికొస్తుందయ్యా? అది తిన్నటి వైరు. ఆ పాత మిషన్లకు క్రాస్ వైరు కావాలి. వీడు మాట్లాడే తీగ వాడు వినే తీగకు తగలాలి. రెండు కొసలూ ఒకటే వరసలో పెడితే ఇద్దరూ ఒకే తీగమీద మాట్లాడతారు, ఇద్దరూ ఒకే తీగమీద వింటారు. ఎవడి మాట ఎవడికి చేరుతుంది? మీ ఇంట్లో లాగే!"

నేను ఫోను ఇంకో చెవికి మార్చాను.

"అయినా నీకెందుకీ తంటా? మీ పిట్ట పోయిన నెల నా బల్లమీదే కూర్చుని చేశాడుగా ఒకటి. రెండుసార్లు చెడిపోయింది, మూడోసారి కుదిరింది. ఎర్ర టేపు కూడా నా దగ్గరే చుట్టాడు. తిన్నటి వైర్లలో కలిసిపోతే అన్న తెలీక పారేస్తాడు అన్నాడు. ఏదీ అది?"

"ఉంది" అన్నాను. "ఇక్కడే ఉంది." ఫోను పెట్టేశాను.

కోసిన కొస చెత్తబుట్టలో టీ కప్పు కింద ఉంది. కళ్లద్దాలు తుడిచి చూశాను. సున్నం తగిలినట్టు నా వేళ్లకు ఎప్పుడూ ఉండే సన్నతీగల గాట్లు మండాయి. తెల్లాకుపచ్చ, ఆకుపచ్చ, తెల్లనారింజ, నీలం, తెల్లనీలం, నారింజ, తెల్లగోధుమ, గోధుమ. ఒక్కో తీగా సరిసమానంగా, చివర్లు పలకమీద గీత గీసినట్టు, పైతొడుగు ప్లగ్గులోకి అరంగుళం దూరి, నేను నేర్పినట్టే. తప్పు కాదది. తప్పులో ఇంత శ్రద్ధ ఉండదు. ఇరవై ఏళ్లు నేను లాగిన ప్రతి వైరూ ఏదో ఒక పెట్టెకే పోయింది, ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టే పని నాకు ఎప్పుడూ పడలేదు, మేస్త్రీ నేర్పలేదు, నేను అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది. అమ్మ ఉన్నప్పుడు నేను పిట్టతో ఏదైనా చెప్పాలంటే వంటగదివైపు తిరిగి చెప్పేవాణ్ణి, "వాణ్ణి తాళం వేసి రమ్మను." వాడు అక్కడే ఉండేవాడు. "వేశానని చెప్పు" అనేవాడు. అమ్మ గరిటె తిప్పుతూ "విన్నావుగా" అనేది. సరే, దాన్ని వదిలేద్దాం, తీగలు పేర్చాలి. వాడి కొస చూసి వాడి వరసలో పేర్చాను, వేళ్లు వాటంతటవి పాత వరసకే పోతున్నాయి, రెండుసార్లు తప్పాయి, నాకు కూడా మూడోసారే కుదిరింది. గుచ్చాను. దీపం వెలిగింది. వెలగడమే కాదు, రెప్పలు కొట్టింది.

మూడూ నలభై ఎనిమిదికి, ఏడాదిగా నేను ఎవరినీ ముట్టనివ్వని ఆ మూడో మిషను కడుపు మొత్తం కంప్యూటరు తెరమీద ఉంది. ఆడినవాళ్ల పేర్లతో ఫోల్డర్లు, ఒక్కోదాని పక్కన ఆడిన గంటలు. పుస్తకంలో ఉన్న పేర్లే, పాలవాడి అల్లుడు, బస్సు కండక్టరు, బట్టతల లెక్చరరు, అందరూ గంట తేడా లేకుండా సరిపోయారు. అడుగున ఒకటి మిగిలింది. దాని పేరు అన్న. నూట నలభై ఒక గంటల నలభై నిమిషాలు.

చూశారా, నా పేరుమీద దాచాడు, అనుకున్నాను మొదట. దొంగసొత్తు యజమాని పెరట్లోనే పాతిపెట్టే రకం. తెరిచాను. బంతాట. ఇద్దరాడేది. అన్న ఒకవైపు, పిట్ట ఒకవైపు, ప్రతి ఆటకూ తేదీ, మొదలైన టైము, గెలిచినవాడు. టైములన్నీ షట్టరు దించాక, లేదా వానపడి ఎవరూ రాని మధ్యాహ్నాలు. "ఒక్క ఆట అన్నా, ఒక్కటే" అనేవాడు పిట్ట, నేను "నాకు పనుంది" అని కూర్చునేవాణ్ణి, కూర్చుంటే లేచేవాణ్ణి కాదు. నాకు ఆటలో పరిగెత్తడం మాత్రమే వచ్చు, తన్నడం రాదు, గోలు కొట్టినప్పుడు కుర్చీలోంచి లేచి "చూశావుట్రా" అని అరిచేవాణ్ణి, మా ఆవిడ ఇంటినుంచి ఫోన్ చేస్తే "లెక్కలు చూస్తున్నాం" అనేవాణ్ణి. ఆ గంటలు పుస్తకంలో ఎవరు రాస్తారు? ఎవరి పేరు రాస్తారు? అమ్మ పోయిన పదమూడోనాడు కూడా ఒక ఆట ఉంది, నలభై నిమిషాలు, ఎవరూ గెలవలేదు, సున్నా సున్నా. మొత్తంమీద నావి తొంభై నాలుగు గెలుపులు, వాడివి నలభై రెండు. కావాలని ఓడిపోయాడా? నాకంటే బాగా ఆడతాడు కదా. అలా ఓడి నన్ను మంచి చేసుకుని ఏం లాగుదామనుకున్నాడు? ఏం లాగాడు? నాలుగు కుర్చీలు కూడా వదిలేశాడు.

గడియారం మూడూ యాభై రెండు అంది, రెండు తీసేస్తే యాభై. ఫోను చేతిలోనే ఉంది. ఒక్క మాట. నువ్వు తియ్యలేదురా. చిన్న మాట, చెప్పడానికి నాలుగు క్షణాలు పట్టదు, ప్లైవుడ్ అవతలే ఉన్నాడు, ఫోను కూడా అక్కర్లేదు, కొంచెం గొంతు పెంచితే చాలు. నోరు తెరిచాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, నూట నలభై మూడు కదా పోయింది. నూట నలభై ఒకటీ నలభై నిమిషాలు దొరికింది. మరి ఆ గంటా ఇరవై నిమిషాలు? తియ్యలేదురా అని నేను మాటిచ్చేశాక ఆ గంటా ఇరవై నిమిషాలు ఏ చెట్టుకింద బయటపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నిజాయితీ ఉన్నవాడు ఒక పాలు దొంగే కదా. పుస్తకం తీశాను. మళ్లీ కూడాను. బస్సు కండక్టరు ఒకరోజు సగంలో లేచిపోయాడు, అది అరగంట అనుకున్నా కుదరదు, సరిపోయినవాళ్లను మళ్లీ కదిలించకూడదు. ఫోల్డర్లు మళ్లీ పైనుంచి చూశాను, ఖాళీవి, చెరిపేసినవి. కరెంటు పోయిన రోజులు లెక్కవేశాను. కాలిక్యులేటరు మీద వేలు జారి రెండుసార్లు మొదటికి వచ్చింది. అవతల చీపురు ఆగింది, తలుపు తెరుచుకుంది, చెప్పుల చప్పుడు, ఇంకొక జత చెప్పులు. చివరి ఆట తేదీ చూశాను. పోయినేడు, మధ్యాహ్నం, నేను గంటలు చూసిన రోజుకు ముందురోజు. మరి ఆ రోజు ఆడలేదా? ఆ రోజు వాన కదా. వానరోజు ఆడకుండా ఉంటామా. భోజనం అయ్యాక కూర్చున్నాం, ఒకటీ పదికో ఏమో, నేను రెండు గోల్స్ ముందున్నాను, గోలు కొట్టానన్న ఊపులో లేచి ఎగిరితే నా చెయ్యి మిషనుకు తగిలింది. తెర నల్లబడింది. రెండున్నర, వీధిలో బడి గంట కొట్టారు. ఆట సేవ్ కాలేదు. అయ్యో అన్నా, అంతా పోయింది, అన్నాడు పిట్ట. నవ్వుతూ అన్నాడు. వాడు నవ్వాడు ఆ రోజు. ఉలిక్కిపడలేదు, నవ్వాడు.

నాలుగూ పది. ప్లైవుడ్ దగ్గరికి వెళ్లాను, గొంతులో ఏ తీగ ఏ తీగకు తగలాలో తెలియలేదు, చేతిలో క్రింపరు ఉంటే దానితో గోడమీద కొట్టాను. మూడుసార్లు.

"ఏమిటది?" దర్జీ గొంతు. "మీ అన్నకు నామీద కోపమేమో. సంతకం అయిపోయిందని చెప్పవయ్యా."

"కోపం కాదులెండి" అన్నాడు పిట్ట. వాడి గొంతు అంత దగ్గరగా విని ఏడాదయింది. "మేకులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుంటున్నాడు. అనుమానం. మీరు టేపు లాగండి, ఈ కొస నేను పట్టుకుంటాను."

బట్టలు కొలిచే టేపు గచ్చుమీద సరసరమని సాగిన చప్పుడు నాకు గోడ ఇవతలికి వినిపించింది. దర్జీ చొక్కా కొలతలు చెప్పినట్టే పాటగా చెబుతూ రాసుకున్నాడు. పొడవు పదకొండడుగుల నాలుగంగుళాలు, వెడల్పు తొమ్మిదడుగులు, గుమ్మం దగ్గర ఒక అంగుళం తక్కువ.